సాలీడు మూడో కాలు

మా డ్రైవింగ్ స్కూలు కారు ముందద్దం పగిలిన రోజున ఆ లారీవాణ్ణి ఏడు తరాలు కలిపి తిట్టాను. నెల తిరక్కుండానే అదే నోటితో వాడు నూరేళ్ళు చల్లగా ఉండాలని దీవించాను. రెండూ మనస్ఫూర్తిగానే చేశాను.

కంకర లారీ ఒకటి మా ముందు పోతూ పోతూ ఒక రాయి విసిరింది. టప్పుమంది. పక్క సీటు వైపు, అద్దం కింది మూలలో చొక్కా గుండీ అంత చుక్క పడి, దాని చుట్టూ ఎనిమిది సన్నటి గీతలు పాకాయి. అప్పుడు స్టీరింగు ముందున్నది ఒక పళ్ళ డాక్టరు. ఆయన స్టీరింగు వదిలేసి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. నా కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది కాబట్టి ఈ సంగతి చెప్పడానికి మిగిలాను.

మా స్కూలంటే పెద్దగా ఊహించుకోకండి. ఇంటి ముందుగది, అందులో ఒక నల్లబల్ల, బయట ఒక కారు, ఆ కారులో నేను. పాఠాలు నావి. కాగితాలు, మరమ్మతులు మా ఆయన చూస్తారు. కాగితాలు బాగానే చూస్తారు. మరమ్మతులు మాత్రం చూస్తారు, అంతే. పగిలిన అద్దాన్ని కూడా నడుం మీద చేతులు పెట్టుకుని అటునుంచీ ఇటునుంచీ చూసి, "రేపు మార్పిద్దాంలే" అన్నారు. ఆ రేపు పదకొండు నెలలు నడిచింది.

ఈలోగా పళ్ళ డాక్టరు నా ప్రాణం తీస్తున్నాడు. ఎదుటివాళ్ళ నోట్లో వెంట్రుకవాసి తేడా కనిపెట్టే మనిషికి, పేవ్‌మెంటు గట్టు మాత్రం జానెడు దూరంలో ఉందో బారెడు దూరంలో ఉందో తెలిసేది కాదు. "ఎంత దూరంలో ఉన్నానో ఎలా తెలుస్తుంది మేడమ్?" అని రోజూ అడిగేవాడు. పదిహేనేళ్ళుగా అందరూ నన్ను అడుగుతున్నదే. "అలవాటైతే అదే తెలుస్తుంది" అని నేనూ పదిహేనేళ్ళుగా అంటున్నాను. నిజానికి నాకెలా తెలుస్తుందో నాకే తెలియదు. ఆ రోజు ఎండా మండిపోతోంది, నా ఒళ్ళూ మండిపోతోంది.

"ఆ పగులు కనబడుతోందా? సాలీడులా ఉందే, అది! దాని మూడో కాలి చివర గట్టు ఆనేటట్టు పోనివ్వండి. ఇంకేం చూడకండి" అన్నాను విసుగ్గా.

పోనిచ్చాడు. దిగి కొలిస్తే గట్టుకీ చక్రానికీ మధ్య సరిగ్గా ఒక్క అడుగు. పరీక్షలో కావలసిందీ ఆ ఒక్క అడుగే.

ఆ సాయంత్రం ఖాళీ మైదానంలో నేనొక్కదాన్నే కారు వేసుకుని తిరిగి, సాలీడు కాళ్ళన్నిటికీ తలా ఒక పని వెతికాను. పరీక్షలో పార్కింగుకి నిలబెట్టే కర్ర స్తంభం ఐదో కాలికి తగలగానే స్టీరింగు పూర్తిగా తిప్పితే కారు రెండు స్తంభాల మధ్యకి బుద్ధిగా దూరిపోతుంది. తెల్లగీత సాలీడు పొట్ట కిందకి రాగానే బ్రేకు నొక్కితే గీత మీదే ఆగుతుంది. ఏడో కాలు మాత్రం దేనికీ పనికిరాలేదు. ప్రతి ఇంట్లోనూ అలాంటివాళ్ళు ఒకరుంటారు.

డాక్టరు పాసయ్యాడు. ఆయన తర్వాత ఇరవై ముగ్గురు, వరసగా, మొదటిసారికే పాసయ్యారు. అంతకుముందు నేను ముగ్గుర్ని పంపితే ఒకరు పాసవడం గగనంగా ఉండేది. జనం మా ముందుగదిలో కూర్చోవడానికి చోటు చాలక మెట్ల మీద కూర్చునేవారు. నాకు కొమ్ములు మొలిచాయి. ఈ రహస్యాన్ని కారు దాటి పోనివ్వలేదు, మా ఆయనకు కూడా చెప్పలేదు. పగిలిన అద్దం గురించి పదకొండు నెలలుగా ఒక్క మాటా అనని పెళ్ళాన్ని చూసి ఏ మొగుడికైనా అనుమానం రావాలి. ఆయనకు రాలేదు.

పరీక్ష పెట్టే ఆఫీసరు నోటితో మాట్లాడడు, ఈలతో మాట్లాడతాడు. ఒక ఈలకి కదలాలి, రెండు ఈలలకి ఆగాలి, మూడు ఈలలకి దిగి ఇంటికి పోవాలి. అందరం ఆయన్ని ఈలాయన అంటాం. మా కారు ఎక్కేముందు మాత్రం ఈల నోట్లోంచి తీసి, "ఈ అద్దం ఎప్పుడు మారుస్తారమ్మా?" అనేవాడు. "ఆర్డరిచ్చామండీ, దారిలో ఉంది" అనేదాన్ని. పగులు నడిపేవాళ్ళ చూపుకి అడ్డం రాదు కాబట్టి గొణుక్కుంటూ ఎక్కేవాడు.

ఇక మా అత్తగారి సంగతి. ముప్ఫై ఒక్క ఏళ్ళు హైస్కూల్లో పనిచేసి హెడ్మిస్ట్రెస్‌గా రిటైరయ్యారు. ఇప్పుడు ఆవిడ స్కూలంతా మా ఇల్లే. కూరలో ఉప్పు నుంచి వార్తలు చదివే అమ్మాయి జడ దాకా అన్నీ దిద్దుతారు. అలాంటి మనిషిని "నేను చెప్పేది వినండి" అనగలిగే చోటు ఈ భూమ్మీద నాకు ఆ కారొక్కటే. అందుకే అరవై రెండో ఏట డ్రైవింగు నేర్చుకుంటానని ఆవిడ అనగానే ఎగిరి గంతేశాను.

ఆవిడకి మాత్రం అది సరదా కాదు. ఆవిడ అక్క, నాకు పెద్దత్తయ్య, నలభై కిలోమీటర్ల దూరంలో ఒక్కర్తే ఉంటుంది. తుంటి ఎముక విరిగినప్పటి నుంచి మంచానికీ కుర్చీకీ మధ్యే ఆమె ప్రయాణం. ఆ దారిలో నడిచే ఒక్క బస్సునీ ఎత్తేశారు. "ఒరేయ్, అక్కయ్యని చూసి రావాలిరా" అని అత్తగారంటే, "ఆదివారం వెళ్దాంలే అమ్మా" అంటారు మా ఆయన. నేను మాత్రం తక్కువ తిన్నానా, నాకు ఆదివారాలే పాఠాలు ఎక్కువ. అక్కాచెల్లెళ్ళు మొహాలు చూసుకుని ఏడు నెలలైంది. రోజూ ఫోన్లో మాట్లాడుకుంటారు. ఫోను పెట్టేశాక కాసేపు అత్తగారు ఎవరి తప్పులూ దిద్దరు. ఎవర్నీ అడగకుండా, బుద్ధి పుట్టినప్పుడల్లా అక్క దగ్గరకి వెళ్ళిరావాలి. ఆవిడకి లైసెన్సు కావలసింది అందుకే.

మొదట్లో ఆవిడ సాలీడుని ఒప్పుకోలేదు.

"ఇది ప్రశ్నలు తెలుసుకుని జవాబులు బట్టీ కొట్టడం అమ్మాయ్. నేను రోడ్డు చూసి నడుపుతాను" అన్నారు.

రోడ్డు చూసి నడిపి రెండుసార్లు మూడేసి ఈలలు ఊదించుకున్నారు. రెండోసారి ఇంటికొచ్చాక ఒక నోటుపుస్తకం తెచ్చుకుని కారులో కూర్చుని, "ఏదీ, ఆ మూడో కాలు ఏదో చూపించు" అన్నారు. గెలిచిన సంబరంలో నేను ఆ గొంతు ఎంత చిన్నబోయిందో పట్టించుకోలేదు.

అయితే హెడ్మిస్ట్రెస్ బట్టీ కొడితే మామూలుగా కొట్టదు. పుస్తకంలో సాలీడు బొమ్మ గీసి కాళ్ళకి అంకెలు వేశారు. నన్నే నిలదీశారు.

"మొన్న నాలుగో కాలన్నావు, ఇవాళ ఐదంటున్నావు. పాఠం చెప్పేవాళ్ళకి మాట మీద నిలకడ ఉండొద్దూ?"

"ఐదేనండీ అత్తయ్యా."

"ఐదో కాలికి ముందువైపు తగలాలా, వెనకవైపా?"

ఈ ప్రశ్న ఇరవై నలుగురిలో ఒక్కరూ అడగలేదు. రెండు వారాలు తిరిగేసరికి ఆవిడ నాకంటే బాగా ఆపుతున్నారు. గురువారం పరీక్ష. ఆవిడ నేర్చుకునే పర్మిట్ శుక్రవారంతో చెల్లిపోతుంది. తప్పితే మళ్ళీ దరఖాస్తు, మళ్ళీ క్యూ, తక్కువలో తక్కువ ఆర్నెల్లు. అయినా నాకు చీమంత దిగులు లేదు. బుధవారం మధ్యాహ్నం దాకా లేదు.

బుధవారం మధ్యాహ్నం నేను నిద్ర లేచేసరికి కారు లేదు. నాలుగింటికి మా ఆయన దాన్ని తీసుకొచ్చి గుమ్మం ముందు ఆపి, పెళ్ళికొడుకులా దిగారు.

"చూడు" అన్నారు.

చూశాను. అద్దం తళతళా మెరిసిపోతోంది. సాలీడు లేదు.

"ఈలాయన ఫోన్ చేశాడు. ఈసారి కూడా పగులు కనబడితే ఎక్కనే ఎక్కనన్నాడు. రేపు అమ్మ పరీక్ష కదా, అందుకే దగ్గరుండి మార్పించాను" అన్నారు. పెళ్ళై ఇరవై ఏళ్ళలో నేను చెప్పకుండానే ఆయన చేసిన మొట్టమొదటి పని అది. తిడదామంటే నోరు రాలేదు. మెచ్చుకుందామన్నా రాలేదు.

అత్తగారు మాత్రం ధైర్యంగా, "కాళ్ళ అంకెలు నాకు కంఠతా వచ్చు" అంటూ కారెక్కారు. మైదానంలో మొదటి చుట్టులో ఒక స్తంభం పడింది. రెండో చుట్టులో రెండూ పడ్డాయి. మూడోసారి గట్టుకి ఎంత దూరంలో ఆపారంటే, దిగినవాళ్ళు గట్టెక్కాలంటే ఆటో పిలుచుకోవాలి. ఆవిడ ఇంజను ఆపి చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు.

"పోనీలే. అక్కయ్యకి ఫోన్ చేసి ఆర్నెల్లు ఆగమని చెప్తాను" అన్నారు.

ఆ మాట నన్ను తిట్టినట్టు లేదు, దిద్దినట్టూ లేదు. అందుకే తట్టుకోలేకపోయాను. డెబ్భై నాలుగేళ్ళ పెద్దత్తయ్యని ఆర్నెల్లు ఆగమనడానికి ఎవరికైనా నోరెలా వస్తుంది? ఆ పాపం నాది. నాకు సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. కానీ నాకు ఏడుపొస్తే దాని వెనకే ఏదో ఒక దొంగబుద్ధి కూడా వస్తుంది.

"అత్తయ్యా, పాత అద్దం ఆ షాపులోనే ఉంటుంది. పదండి" అన్నాను.

అద్దాలు బిగించే షాపు వెనక పాత అద్దాలన్నీ గోడకి ఆనించి ఉన్నాయి. మా సాలీడుని దూరం నుంచే గుర్తుపట్టాను. షాపాయన చేతి తొడుగులు విప్పుతూ వచ్చి, నేను చూపించిన పగులుని చూసి నోరెళ్ళబెట్టాడు.

"ఓహో, ఇదేనా అది! పోయిన నెల ఒక పళ్ళ డాక్టరు కొత్త కారేసుకుని వచ్చాడండీ. ఫోన్లో దీని ఫోటో చూపించి, నా అద్దాన్ని కూడా అచ్చం ఇలాగే పగలగొట్టి పెట్టమన్నాడు. పిచ్చోడనుకుని పంపించేశాను."

అత్తగారు కళ్ళజోడు పైనుంచి నన్ను చూశారు.

"ఇప్పటికి ఎంతమందికి డ్రైవింగు నేర్పావమ్మాయ్?"

"ఈ సాలీడొచ్చాకా? ఇరవై నలుగురికి."

"నేర్పావా?" అన్నారు.

షాపాయన్ని ఒక పెన్సిలు అడిగాను. గాజు మీద గుర్తులు పెట్టుకునే నల్లటి మైనపు పెన్సిలు ఇచ్చాడు. నిండా మునిగాక చలేంటని అత్తగారు కూడా పనిలో దిగారు. నోటుపుస్తకానికి వేసిన ప్లాస్టిక్ అట్టని ఊడదీసి, పాత అద్దం మూల మీద పరిచి, సాలీడుని కాలు కాలునా దించారు. ఇంటికొచ్చాక ఆ ప్లాస్టిక్కుని కొత్త అద్దానికి బయటి నుంచి అదే మూలకి అతికించి, లోపలి వైపు గీతల మీద గీతలు గీశారు. గీయడం అయ్యి, బయటి ప్లాస్టిక్కుని నేను పీకేశాక, ఆవిడ వెనక్కి వాలి చూసి, ఏడో కాలు కొంచెం పొట్టిగా ఉందని దాన్ని కూడా సరిదిద్దారు.

"అది దేనికీ పనికిరాదు అత్తయ్యా" అన్నాను.

"పనికిరానంత మాత్రాన కుంటిదాన్ని చేస్తామా?" అన్నారు.

మైదానంలో ఒక చుట్టు తిరిగి చూస్తే ఒక్క స్తంభమూ పడలేదు. ఇద్దరం దొంగల్లా నవ్వుకున్నాం. ఆ రాత్రి నేను కూర వండితే ఆవిడ ఉప్పు గురించి మాట్లాడకుండా తిన్నారు.

గురువారం పొద్దున్నే పరీక్ష మైదానంలో ఈలాయన మా కారుని చూసి చిరునవ్వుతో ఎదురొచ్చాడు. ఆయన నవ్వగా నేను చూడటం అదే మొదలు.

"అమ్మయ్య! అద్దం మార్చారటగా, మీవారు ఫోన్లో చెప్పారు" అంటూ కారు ముందుకొచ్చి, వంగి, నవ్వు ఆపేశాడు.

"మళ్ళీ పగిలిందా?"

నిన్నటి నుంచి నేను స్తంభాల గురించి ఆలోచించాను, గట్టు గురించి ఆలోచించాను. అద్దం ఎందుకు మార్చారన్న ఒక్క సంగతే బుర్రలోకి రాలేదు. అంత తెలివైన హెడ్మిస్ట్రెస్‌కీ రాలేదు. ఈలాయన వేలితో బయటి నుంచి గీతలు రుద్ది చూశాడు. గీతలు లోపలున్నాయి, ఎలా పోతాయి?

"నిన్ననే వేసిన అద్దం ఇవాళ్టికి, అదే చోట, అలాగే పగిలిందా? నేనెక్కను. మాటంటే మాటే. తర్వాతి కారు రమ్మనండి" అన్నాడు.

నేను వెనక సీట్లో ఉన్నాను. పరీక్షప్పుడు నేర్పినవాళ్ళు వెనక కూర్చుని నోరు మూసుకోవాలని రూలు. దొంగకి తేలు కుట్టినట్టు నేను రూలు పాటిస్తున్నాను. అది పగులు కాదని చెప్తే దొంగతనం బయటపడుతుంది, పగులే అంటే పరీక్ష పోతుంది. రెండిటి మధ్యా నోరు తెరుస్తూ మూస్తూ ఉన్నాను.

డ్రైవరు సీట్లోంచి అత్తగారు కళ్ళజోడు తుడుచుకునే గుడ్డ తీశారు. పక్కకి వంగి అద్దాన్ని లోపలి నుంచి రుద్దడం మొదలుపెట్టారు. ముందు మూడో కాలు పోయింది. ఆ తర్వాత ఐదోది, ఆపైన పొట్ట. ఈలాయన బయట నిలబడి, పగిలిన అద్దం కళ్ళముందే అతుక్కుంటుంటే చూస్తున్నాడు. ఆయన చేతిలోంచి ఈల జారి చొక్కా మీద వేలాడింది.

"ఏంటండీ అది?" అన్నాడు.

"మరకండీ. పోయింది. ఎక్కండి" అన్నారు అత్తగారు.

ముప్ఫై ఒక్క ఏళ్ళు పిల్లల్ని తరగతుల్లోకి పంపిన గొంతు అది. ఆయన ఎక్కేశాడు.

ఒక ఈల. కారు కదిలింది. అంత నెమ్మదిగా కారు కదలడం నేనెన్నడూ చూడలేదు. నడిచి వెళ్ళే మనిషి మమ్మల్ని దాటి, వెనక్కి తిరిగి చూసి, మళ్ళీ నడిచి వెళ్ళిపోవచ్చు. అత్తగారు తన వైపు కిటికీ దించి తల బయటపెట్టి చక్రాన్ని చూసుకున్నారు. ఇటు తిరిగి, "మీరు కాస్త వెనక్కి వాలండి బాబూ, మీ భుజం అడ్డొస్తోంది. పక్కద్దం కనబడాలి" అన్నారు. ఈలాయన వాలాడు. "ఇంకొంచెం." ఇంకొంచెం వాలాడు. పొట్ట కూడా లోపలికి లాక్కున్నాడు.

మొదటి స్తంభం దగ్గర కారు ఆపేశారు. ఈలాయన ఈల నోట్లో పెట్టుకుని, బుగ్గల నిండా గాలితో సిద్ధంగా ఉన్నాడు.

"ఎందుకాపారు?" అన్నాడు ఈల పక్క నుంచి.

"చూసుకుంటున్నాను. చూసుకోవడానికి ఆపకూడదని ఎక్కడైనా రాసుందా?"

రాసి లేదు. ఆవిడ స్తంభాన్ని చూశారు, అద్దాన్ని చూశారు, మళ్ళీ స్తంభాన్ని చూశారు. స్టీరింగు తిప్పారు. సరిపోలేదు. పెదవి కొరుక్కుని ముందుకు తెచ్చి, మళ్ళీ తిప్పారు. నా కాలు కింద లేని బ్రేకుని నేను పదిసార్లు తొక్కి ఉంటాను. కారు రెండు స్తంభాల మధ్యకి, కొంచెం వంకరగా, దేన్నీ తాకకుండా చేరింది. గట్టు దగ్గర అడుగుకి ఇంకో జానెడు ఎక్కువైంది. గీత దగ్గర జానెడు ముందే ఆగింది.

రెండు ఈలలు. మూడోది వస్తుందని కళ్ళు గట్టిగా మూసుకున్నాను. రాలేదు.

"అక్కడ రెండు మార్కులు, ఇక్కడ మూడు తీసేశాను. పాస్. మీ బండిలో ఇన్నాళ్ళూ వచ్చినవాళ్ళంతా ఆ మూలనే చూస్తూ నడిపేవాళ్ళమ్మా. ఎందుకో నాకర్థమయ్యేది కాదు" అన్నాడు నా వైపు తిరిగి.

"నాకూ అర్థం కాలేదండీ" అన్నాను. ఇంకేమంటాను?

కాగితం చేతికొచ్చాక అత్తగారు దాన్ని రెండుసార్లు చదివారు. అందులో దిద్దడానికేమీ దొరకలేదు కాబోలు, మడిచి బ్యాగులో పెట్టుకున్నారు. కారు దగ్గరకొచ్చి డ్రైవరు సీట్లో కూర్చున్నారు. నేను పక్క తలుపు తీయబోతే లోపలి నుంచి గడియ వేశారు.

"నువ్వు బస్సులో ఇంటికెళ్ళు అమ్మాయ్."

"అత్తయ్యా, నలభై కిలోమీటర్లు! నేనూ వస్తాను, పక్కన కూర్చుంటానంతే. ఒక్క మాట మాట్లాడితే ఒట్టు."

"నువ్వు కూర్చుంటే నీ కాళ్ళ దగ్గర బ్రేకుంటుంది" అన్నారు. వెళ్ళిపోయారు. మైదానం గేటు దాటేదాకా ఆవిడ తల కిటికీ బయటే ఉంది.

ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పాను. ఆయన మొహం పాలిపోయింది. ఆ తర్వాత అద్దం సంగతీ, సాలీడు సంగతీ కూడా చెప్పాను. అప్పుడింక పాలిపోవడానికి ఆ మొహంలో ఏమీ మిగల్లేదు. మామూలు మనుషులకి గంట దారి. గంటన్నర దాటింది. రెండు గంటలు దాటింది. ఆయన ముందుగదిలో తిరుగుతున్నారు, నేను మెట్ల మీద కూర్చున్నాను. నేను పాస్ చేయించిన ఇరవై నలుగురు మొహాలూ ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి. వాళ్ళందర్నీ మళ్ళీ పిలిచి ఊరికే నేర్పాలని అప్పుడే అనుకున్నాను. అందరికంటే ముందు పళ్ళ డాక్టర్ని.

రెండున్నర గంటలకి ఫోను మోగింది. పెద్దత్తయ్య. ఆమె గొంతు విని నా ప్రాణం లేచొచ్చింది. మాటలు సరిగా అర్థం కాలేదు. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియడం లేదు. వెనక నుంచి మా అత్తగారు, "అంత గట్టిగా అరవకక్కయ్యా, ఫోనది" అని దిద్దడం వినబడుతోంది.

"వచ్చిందే, మీ అత్త వచ్చింది! దానంతటదే వచ్చింది! వస్తూ వస్తూ నా గేటు పడగొట్టేసింది" అంది పెద్దత్తయ్య.

"అయ్యో! దెబ్బలేం తగల్లేదు కదా? గేటుకేం కంగారుపడకండి పెద్దత్తయ్యా, మా ఆయన్ని రేపే పంపించి బాగు చేయిస్తాను" అన్నాను.

"వద్దొద్దు, అలా పడే ఉండనీ" అంది. "అది మళ్ళీ వస్తుంది కదా!"